మేయరుగారు కాచిన బీరు

"పైక్ ఫాల్స్ పౌరులకు శుభవార్త. మిల్ స్ట్రీట్ నీళ్ల మీద కొందరు పనిగట్టుకుని సాగిస్తున్న దుష్ప్రచారానికి తెరదించేందుకు గౌరవనీయ మేయర్ రోలండ్ హెక్ గారు స్వయంగా నడుం బిగించారు. ఆ వీధి కుళాయి నీళ్లను వారే పట్టి, మరిగించి, పులియబెట్టి, బీరుగా మార్చి, ప్రజల సమక్షంలో తాగి చూపిస్తారు."

మేయరుగారి ప్రచార విభాగం వెలువరించిన ఈ ప్రకటన శుక్రవారం పేపర్లో మొదటి పేజీలో పడింది. ప్రచార విభాగం అంటే బ్రెన్నా అనే పాతికేళ్ల అమ్మాయి. పైక్ ఫాల్స్ జనాభా నాలుగు వేలు. మంటలార్పే దళంలో జీతం తీసుకునేవాడు ఒక్కడూ లేడు, అందరూ పిలిస్తే వచ్చేవాళ్లే. ప్రచారానికి మాత్రం డైరెక్టరు ఉంది. ఏ మంట ముందు ఆర్పాలో తెలిసిన ప్రభుత్వం అది.

మార్లిస్ క్వాంట్ ఆ ప్రకటన రెండుసార్లు చదివింది. మేయరుగారు ఇంత ఘనకార్యమూ చేయబోయేది మార్లిస్ వంటింట్లోనే అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియడం అదే మొదలు.

మార్లిస్ ముప్పై ఒక్కేళ్లు పాల డెయిరీ లాబ్‌లో పనిచేసి రిటైరయింది. ఎవరి పాలు మంచివో, ఎవరి పాలు వెనక్కి పంపాలో తేల్చడం ఆమె ఉద్యోగం. మేయరుగారి తండ్రి పాలను రెండుసార్లు వెనక్కి పంపిన చరిత్ర కూడా ఆమెకుంది. ఇప్పుడు ప్రతి నెలా మొదటి శనివారం ఇంట్లోనే, కొత్తవాళ్లకు బీరు కాయడం నేర్పుతుంది. ఫీజు లేదు. వచ్చేవాళ్లు తలా ఒక వంటకం తెస్తే చాలు.

ఆమె ఇల్లు మిల్ స్ట్రీట్‌లో ఉంది. ఆ వీధి కింద ముత్తాతల నాడు పాతిన ఇనప గొట్టం ఉంది. పొద్దున్నే కుళాయి తిప్పితే టీ వస్తుంది, పాలూ చక్కెరా మనం కలుపుకోవాలి. పక్కింటి ఓర్విల్ బాబాయికి ఎనభై నాలుగేళ్లు. ఆయన తెల్ల చొక్కాలన్నీ ఒక్కొక్క ఉతుకులో ఒక్కొక్క ఛాయ ముదిరి ఇప్పుడు అందరికీ గోధుమరంగు చొక్కాల మనిషిగానే తెలుసు. తొమ్మిదేళ్లు అర్జీలు పెట్టగా పెట్టగా, ఈ వేసవిలో కౌన్సిల్ ఆ గొట్టాన్ని మార్చే పనుల జాబితాలో చేర్చింది. చేర్చిన మూడో వారానికి మేయరుగారికి ఒక కల వచ్చింది. హైవే మలుపులో, ఊళ్లోకి వచ్చేవాళ్లకు స్వాగతం పలుకుతూ, నవ్వుతున్న పైక్ చేప. పొడవు నలభై అడుగులు. ఊళ్లో ఇప్పటికే రెండు చేపల బొమ్మలున్నాయి గాని అవి నవ్వవు.

నిధి ఒకటే. గొట్టమో, చేపో. ఆగస్టు ఆఖరు మంగళవారం కౌన్సిల్ ఓటు వేయాలి.

మార్లిస్ ఫోన్ తీసి బ్రెన్నాకు చేసింది.

"ఏమ్మా, మా ఇంట్లో సభ పెట్టారట. నాక్కూడా ఆహ్వానం ఉందా?"

"అయ్యో, అదేం మాట మార్లిస్‌గారూ! మీరు లేకపోతే తలుపు తీసేదెవరు?"

"సరే. ఒక్క మాట. నేను బీరుకు మా కుళాయి నీళ్లు వాడను. మా తమ్ముడి పొలంలో బావి ఉంది, అక్కణ్ణించి తెచ్చుకుంటాను. బీరంటే నీళ్లేనమ్మా. నీళ్లు చెడ్డవైతే బ్రహ్మాండమైన సరుకులు పోసినా దండగే."

"ఈసారికి కుళాయివే వాడండి. మేయరుగారు అదే కోరుతున్నారు."

మార్లిస్ ఒక్క క్షణం ఆలోచించింది. తాగనీ, అనుకుంది. తన నోటితో తనే తాగితే తెలిసొస్తుంది. తొమ్మిదేళ్ల అర్జీలు చెప్పలేనిది ఒక్క గుక్క చెబుతుంది.

"మేయరుగారి కోరికే నా కోరిక" అంది.

జులై మొదటి శనివారం మార్లిస్ వంటింటికి నలభై ఒక్కమంది వచ్చారు. అందులో నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు తొమ్మిదిమంది. మిగతావాళ్లు కొందరు కౌన్సిల్ సభ్యులు, తక్కినవాళ్లు మున్సిపల్ ఆఫీసులో పనిచేస్తూ, శనివారం పూట స్వచ్ఛందంగా రమ్మని ఆదేశాలు అందుకున్నవాళ్లు. మేయరుగారు కొత్త ఏప్రన్ కట్టుకుని వచ్చారు. దాని మీద నవ్వుతున్న చేప ఉంది.

"మార్లిసక్కా! ఎన్నాళ్లయింది మీ ఇంటికొచ్చి!"

మేయరుగారు ఎన్నికల ఏడాది ప్రతి ఆడమనిషినీ అక్కా అంటారు. మామూలు ఏడాదుల్లో అందరినీ సమానంగా మరిచిపోతారు.

"నువ్వు ఎప్పుడొచ్చావు రోలండ్ అసలు?" అంది మార్లిస్.

"అందుకే కదా, ఎన్నాళ్లయింది అంటున్నా!"

మార్లిస్ పాఠం మొదలుపెట్టింది. బీరు కాయడంలో ముప్పాతిక వంతు పని కడగడమేనని, గరిటె, గొట్టం, బకెట్టు, మూత, చెయ్యి, అన్నీ క్రిములను చంపే మందునీళ్లలో ముంచాకే ముట్టుకోవాలని చెప్పింది. ఈ మాటకు కొందరు మగవాళ్లు తలుపు వైపు చూశారు. మేయరుగారు చేతులు కడుక్కున్నారు. బ్రెన్నా ఫోటో తీసింది. ఆయన వెంటనే తిరిగి నలుగురితో కరచాలనం చేశారు.

"మళ్లీ కడుక్కోవాలి" అంది మార్లిస్.

కడుక్కున్నారు. ఇంకో ఇద్దరితో కరచాలనం చేశారు. అలా నాలుగుసార్లు అయింది. పద్దెనిమిదేళ్ల రాజకీయ జీవితంలో ఆయన చేతులు ఒక్క పూటలో అంతగా శుభ్రపడడం అదే ప్రథమం.

తర్వాత ఐదు గ్యాలన్ల గుండిగ కుళాయి కింద పెట్టారు. మేయరుగారు స్వహస్తాలతో తిప్పారు. కుళాయి ఒకసారి దగ్గి, రెండుసార్లు తుమ్మి, గోధుమరంగు ధార వదిలింది. నేర్చుకోవడానికి వచ్చిన ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ క్షణం కోసమే కదా మార్లిస్ కాచుకుని ఉంది.

మేయరుగారు గుండిగలోకి తొంగి చూశారు. నిటారుగా నిలబడ్డారు.

"చూశారా! ఇంకా పొయ్యెక్కించనే లేదు, బీరు రంగు వచ్చేసింది. వేరే ఊళ్లలో ఈ రంగు కోసం గంటలు గంటలు గ్యాసు తగలెయ్యాలి. మిల్ స్ట్రీట్ వాళ్లకు అది పుట్టుకతో వచ్చింది."

ముప్పై రెండు జతల చేతులు చప్పట్లు కొట్టాయి.

నీళ్లు కాగాయి. మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన మాల్ట్ పాకం పోసేటప్పుడు మంట తగ్గించాలని, కలుపుతూనే ఉండాలని, పొంగు వచ్చేదాకా కళ్లు తిప్పకూడదని మార్లిస్ చెప్పింది. మేయరుగారు గరిటె పట్టుకుని, కలపడం ఆపి, పారిశ్రామికాభివృద్ధి గురించి మాట్లాడారు. గుండిగ పొంగి పొయ్యంతా, నేలంతా నల్లటి పాకం కారింది. మర్నాటి పేపర్లో ఆ ఫోటో కింద "ఉప్పొంగిన ఉత్సాహం" అని ఉంది. నేల తుడిచిన ఫోటో లేదు, తుడిచింది మార్లిస్ కాబట్టి.

"ఇవి హాప్స్. చేదు పూలు. వీటిని వెయ్యకపోతే బీరు వెగటు తీపి అవుతుంది" అందామె.

"అంటే ప్రతిపక్షం లాంటివన్నమాట" అన్నారు మేయరుగారు.

"నీకు ప్రతిపక్షం ఉందా?"

"ఎందుకు లేదక్కా? కాథీ ఉంది. మా బావమరిది భార్యే."

ఆఖరున, బీరును పులియబెట్టే ఈస్టు పొట్లం వచ్చింది. ఇవేం చేస్తాయని మేయరుగారు అడిగారు.

"చక్కెర తింటాయి. తిన్నంతసేపూ బుడబుడ చప్పుడు చేస్తాయి. తినడానికి ఇక ఏమీ లేదంటే అడుక్కి చేరి పడుకుంటాయి."

మేయరుగారు వెనక వరసలో నిలబడ్డ కౌన్సిల్ సభ్యుల వైపు ఆప్యాయంగా చూశారు.

"మంచి క్రమశిక్షణ. ఇక తాగుదామా?"

"రెండు వారాలు పులవాలి. సీసాలకెత్తాక ఇంకో రెండు వారాలు ఆగాలి."

"నెల్లాళ్లా!" వెనకనుంచి ఎవరో ఏడుపు గొంతుతో అన్నారు. వాళ్లు పొద్దుట్నుంచీ ఏమీ తినకుండా వచ్చినవాళ్లు. తెచ్చుకున్న, ఓవెన్లో కాల్చిన బంగాళాదుంపల హాట్‌డిష్ తినేసి, నీళ్లు మాత్రం ముట్టుకోకుండా వెళ్లిపోయారు.

"ఆగస్టులో కౌంటీ ఫెయిర్ ఉంది కదా, అక్కడి బీరు పోటీలో పెడదాం" అన్నారు మేయరుగారు వెళ్తూ వెళ్తూ.

రెండు వారాల తర్వాత మార్లిస్ సెల్లార్‌లో సీసాలకెత్తుతూ ఒక గుక్క నోట్లో పోసుకుంది. తుప్పుపట్టిన గొలుసును చప్పరించినట్టుంది. ఆమె జీవితంలో ఇంత దరిద్రపు బీరు ఆమె చేతుల మీదుగా రాలేదు. సంతోషంతో కళ్లు చెమర్చాయి. నలభై ఎనిమిది సీసాలు, ఒక్కొక్కటీ ఒక్కొక్క సాక్ష్యం!

ఆ సాయంత్రమే బ్రెన్నా లేబుళ్లు తెచ్చి ఇచ్చింది. నిగనిగలాడే కాగితం మీద మేయరుగారి ముఖం, దాని కింద "మిల్ స్ట్రీట్ ఏల్ బీరు. మేయరుగారి స్వహస్తాలతో." ఇంకా కింద, మేయరుగారి పేరంత లావు అక్షరాల్లో, "శిక్షణ: మార్లిస్ క్వాంట్."

మార్లిస్ లేబుల్‌ను చాలాసేపు చూసింది. ఫెయిర్‌లో ఆమెకు ఇప్పటిదాకా పదిహేడు బహుమతి రిబ్బన్లు వచ్చాయి. కౌంటీలో బీరు కాచేవాళ్లలో సగంమంది ఆమె వంటింట్లో చెయ్యి తడుపుకున్నవాళ్లే. ఒక సీసా పట్టుకుని ఓర్విల్ బాబాయి దగ్గరికి వెళ్లింది.

ఆయన వరండాలో కూర్చుని గ్లాసెడూ తాగాడు. మెడ నరాలు బిగిశాయి. చివరి చుక్కదాకా తాగి మూతి తుడుచుకున్నాడు.

"బాగుందమ్మాయ్. ఇంకొంచెం పొయ్యి."

మార్లిస్కు సంగతి తెలిసిపోయింది. పైక్ ఫాల్స్‌లో పుట్టిన మనిషి ఒకరి ఇంట్లో పెట్టింది బాగుంటే "బాగుంది" అని ఊరుకుంటాడు. ఘోరంగా ఉంటేనే మారు అడుగుతాడు, పెట్టినవాళ్ల మనసు నొచ్చుకుంటుందేమోనని. ఇక్కడ పెంపకం అలాంటిది. మాడిన కేకు ఎవరైనా తెస్తే ముందు అయిపోయేది అదే.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. జడ్జీలు ఆ సీసా మూత తీస్తారు. వాసన చూస్తారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. లేబుల్ మీద పేరు చదువుతారు. గొట్టం పోతే పోయింది, ఆ బీరును తన పేరుతో పోటీకి పంపడం మాత్రం ఆమె వల్ల కాదు. కాదు, గొట్టం కూడా పోకూడదు. తెల్లారేసరికి ఆమెకు రెండూ దక్కే ఉపాయం తోచింది. ఫెయిర్‌కు మంచి బీరు పంపి పరువు కాపాడుకోవాలి. ఓటు వేసే రోజు కౌన్సిల్ ముందు నిజం చెప్పి, అసలు బీరు వాళ్ల చేత తాగించి, గొట్టం సాధించుకోవాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అనుకున్నవాళ్లకు ఉపాయాలు తెల్లవారుజామునే తోస్తాయి.

పొద్దున్నే తమ్ముడి పొలానికి వెళ్లి నీళ్లు తెచ్చింది. అదే మాల్టు, అవే హాప్స్, అదే ఈస్టు. తలుపులు వేసుకుని, దొంగసారా కాచినట్టు, మళ్లీ కాచింది.

ఆగస్టు మూడో వారంలో ఫెయిర్ జరిగింది. డులూత్ నగరం నుంచి వచ్చిన ముగ్గురు జడ్జీలు మిల్ స్ట్రీట్ ఏల్‌కు మొదటి బహుమతిగా నీలి రిబ్బన్ కట్టారు. పెద్ద గడ్డం జడ్జీ అయితే, "ఇంత స్వచ్ఛమైన నీళ్లు ఈ చుట్టుపక్కల ఉన్నాయంటే నమ్మలేకపోతున్నా" అని మైకులో చెప్పాడు. మేయరుగారు రిబ్బన్‌ను గుండెకు అంటించుకున్నారు.

"ఇది నా విజయం కాదు" అన్నారు గద్గద స్వరంతో. కాసేపు ఆగారు. ఎవరూ కాదనకపోవడంతో, "నాది మాత్రమే కాదు. మిల్ స్ట్రీట్ నీళ్లది కూడా" అన్నారు.

ఆఖరు మంగళవారం వచ్చింది. కౌన్సిల్ హాలులో మేయరుగారు, ఆరుగురు సభ్యులు ఒక వరసలో కూర్చున్నారు. గొట్టాన్ని జాబితా నుంచి తీసేసి చేపను చేర్చాలనే తీర్మానం గుమాస్తా చదివాడు. ప్రజలెవరైనా మాట్లాడదలిస్తే మూడు నిమిషాలు ఇస్తామన్నాడు. ప్రజల్లోంచి ఓర్విల్ బాబాయి తన తెల్ల చొక్కాలో వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. మార్లిస్ పెట్టె పట్టుకుని మైకు దగ్గరికి నడిచింది.

"రిబ్బన్ వచ్చిన బీరు మిల్ స్ట్రీట్ నీళ్లతో కాచింది కాదు. మా తమ్ముడి బావి నీళ్లతో నేను మళ్లీ కాచాను. మోసం చేశాను. ఏ శిక్ష వేసినా పడతాను."

హాలులో కలకలం రేగింది. మున్సిపల్ లాయరు లేవబోయాడు. మేయరుగారు చెయ్యెత్తి ఆపారు.

"అక్క అలిసిపోయింది. ఇంత పెద్ద గెలుపు తట్టుకోవడం అందరివల్లా కాదు."

"నేను బాగానే ఉన్నాను రోలండ్. నువ్వు కాచిన బీరు ఇదిగో." ఆమె పెట్టె తెరిచి, ఏడు గ్లాసులు వరసగా పెట్టి, గబగబా మూతలు తీసి పోసింది. ఇనప వాసన మూడో వరసదాకా వచ్చింది. "తాగండి. తాగి, ఉన్నమాట చెప్పండి. ఆ తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు ఓటు వెయ్యండి."

ఏడుగురూ తాగారు. ఒక సభ్యుడు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఇంకొకాయన కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఊఁ, చెప్పు కాథీ" అంది మార్లిస్. కాథీ ప్రతిపక్షం. గొట్టం కోసం మొదటి నుంచీ మాట్లాడిన మనిషి.

కాథీ గ్లాసు కింద పెట్టింది. "బాగుంది మార్లిస్."

"బాగోలేదు! నీ కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి."

"కమ్మగా ఉంటే కారవా ఏమిటి?"

"ఇనప మేకు నాకినట్టు లేదూ? నిజం చెప్పు."

"మా నాన్న వడ్రంగి కదా. పని చేసేటప్పుడు మేకులు పెదాల మధ్య పెట్టుకునేవాడు." కాథీ ముక్కు చీదుకుంది. "ఆయనే గుర్తొచ్చాడు. ఇంకొంచెం ఉందా?"

"నాక్కూడా" అన్నాడు బల్ల పట్టుకున్న సభ్యుడు.

"వద్దు! బాగోలేదని చెప్పండయ్యా! మిమ్మల్ని నేనేమీ అనుకోను. నా మనసేమీ నొచ్చుకోదు. బతిమాలుతున్నాను!"

ఆరుగురూ ఆమె ముఖం చూశారు. పాపం, చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి. ఎంత కష్టపడి కాచిందో, ఎంత దూరం మోసుకొచ్చిందో. అందరూ గ్లాసులు ముందుకు జరిపారు. మార్లిస్ పోసింది. అడిగితే పొయ్యకుండా ఉండడం ఆమెకూ చేతకాదు.

మేయరుగారు రెండో గ్లాసు పూర్తి చేసి లేచి నిలబడ్డారు. ఆయన పెదాల మీద తుప్పురంగు గీత మెరిసింది.

"మిత్రులారా! బావి నీళ్ల బీరును మనం ఫెయిర్‌లో ఒక్కొక్క గ్లాసే తాగాం. ఇది రెండేసి తాగాం. అది నీలి రిబ్బన్ తెచ్చుకుంది. మరి ఇది? దీనికి సరిపోయే రంగు రిబ్బన్ ఇంకా తయారు కాలేదు! ఇంతటి రుచిని ఇస్తున్న ఆ గొట్టాన్ని పెరికేద్దామనుకున్నాం. ఎంత తప్పు చెయ్యబోయాం!"

తీర్మానం అక్కడికక్కడే సవరించారు. ఏడు ఓట్లు అనుకూలం. వ్యతిరేకం ఎవరూ లేరు. నిపుణురాలి సాక్ష్యం ఆధారంగా నిర్ణయించినట్టు గుమాస్తా మినిట్స్‌లో రాసుకుని, నిపుణురాలి పేరు స్పెల్లింగ్ రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

సెప్టెంబరు మొదట్లో, చేపకు పునాది తవ్విన మర్నాడు, బ్రెన్నా ఎండలో నడుచుకుంటూ వచ్చి మార్లిస్ తలుపు తట్టింది. చేతిలో నగర ముద్ర వేసిన ఉత్తరం ఉంది. మార్లిస్ గుమ్మంలోనే నిలబడి చదివింది. మిల్ స్ట్రీట్ గొట్టాన్ని నగర వారసత్వ సంపదగా ప్రకటించారు. ఇకమీదట ఎవరూ దాన్ని తవ్వరాదు, మార్చరాదు. ఆ వీధివాళ్లెవరూ కుళాయిలకు ఫిల్టర్లు బిగించరాదు, రుచి నగరం ఉమ్మడి ఆస్తి గనుక. ప్రతి నెలా మొదటి శనివారం మార్లిస్ క్వాంట్ గారింట జరిగే శిక్షణ తరగతులు ఇక మేయరుగారి పేరిట, వీధి కుళాయి నీళ్లతో మాత్రమే జరుగుతాయి.

మార్లిస్ చివరిదాకా చదివి, మళ్లీ మొదటికి వచ్చింది. ముప్పై ఒక్కేళ్లు ట్యాంకర్లకు ట్యాంకర్లు వెనక్కి పంపిన మనిషి ఆమె. చెప్పవలసిన మాటలన్నీ గొంతులోకి వచ్చి బారులు తీరాయి.

"నేనే రాశానండీ. ఇంత పెద్ద ఉత్తర్వు రాయడం ఇదే మొదటిసారి. మూడు రోజులు పట్టింది" అంది బ్రెన్నా. నుదుటి మీద చెమట తుడుచుకుంది. "ఎలా ఉందండీ? నిజం చెప్పండి."

మార్లిస్ ఆ పిల్ల ముఖం చూసింది.

"చాలా బాగుందమ్మా" అంది. "ఇంకో కాపీ ఉందా?"